లంగరీ జేబులో తాళాలు

తిరుమలగిరిలో బస్సు దిగాను. మే నెల, మధ్యాహ్నం రెండు. భుజాన కిట్ బ్యాగు, చేతిలో ఆర్డరు: ఆరు వారాలు, పన్నెండు మంది, మ్యాప్ రీడింగ్ నేర్పాలి. అందరూ నలభైకి దగ్గరపడ్డవాళ్లే. పాసైతే హవల్దార్ ప్రమోషన్. సరిహద్దులో రెండేళ్లు కాపలా కాశాను గానీ, ఇంత విసుగు అక్కడ కూడా పుట్టలేదు.

పొద్దున ఐదున్నరకు మైదానం. అంతా ఒక్కసారి నెత్తిన వేయకుండా ముక్కలు చేశాను. దిక్సూచి చూస్తూ మొదట యాభై అడుగులు, తర్వాత రెండొందలు, ఆపైన తుప్పల్లో ఎనిమిది వందలు. చివర తుప్పల చాటున సున్నం కొట్టిన రాయి. అడుగుల లెక్క పూర్తయిన చోట ఆగి చెయ్యెత్తాలి. ప్రతి మెట్టు దగ్గరా సందేహాలున్నాయా అని ఫౌజు పద్ధతిలో అడిగేవాణ్ణి.

"కోయీ షక్?"

"నహీ ఉస్తాద్!" పన్నెండు గొంతులూ ఒకటే అరుపు. తీరా నడిపిస్తే సగం మంది తలో దిక్కు.

అందరిలోకీ లంగరీ నా ప్రాణం తోడేశాడు. మెస్‌లో వంటవాడు, ఫౌజులో వంటవాణ్ణి లంగరీ అనే పిలుస్తారు. సిద్దిపేట వైపు మనిషి. ఒకరోజు నేరుగా రాయి దగ్గరికే వెళ్లేవాడు, మర్నాడు డెబ్బై అడుగులు పక్కకు. పరీక్ష అతనికి ఇది మూడోసారి, ఆఖరిసారి.

"నిన్న వచ్చింది ఇవాళ ఎలా పోయిందయ్యా?" అని అరిచాను.

"ఏమో ఉస్తాద్. జెర ఇంకోసారి పోతా. హవల్దారైతే రెండేండ్లు నౌకరి పెరుగుతది. బిడ్డ నర్సింగ్ చదువు ఒడుస్తది."

"ఒంటి మీద ఇనుము ఉండకూడదని చెప్పానా లేదా? కోయీ షక్?"

"నహీ ఉస్తాద్!"

పరీక్ష రోజు తొంభై అడుగులు తప్పాడు. పరీక్షాధికారి ఫెయిల్ అని రాసుకుని వెళ్లిపోయాడు. నీళ్ల సీసా కోసం లంగరీ వంగితే చొక్కా జేబులో ఏదో గలగలమంది.

"ఏమిటది?"

"రేషన్ స్టోర్ తాళాలు. డ్యూటీ ఉన్న దినం ఒంటిమీదికెల్లి తియ్యొద్దని ఆర్డర్. అడుగుదామనుకున్న ఉస్తాద్. అందరు నహీ అంటుంటే నేనొక్కణ్ని ఎట్ల అడుగుత?"

ఇనుప గుత్తి. డ్యూటీ ఉన్న ప్రతిరోజూ దిక్సూచి ముల్లును పక్కకు లాగింది అదే. నా మీద నాకే ఒళ్లు మండింది. మళ్లీ పరీక్ష పెట్టమని రాసిచ్చాను. అవకాశాలు అయిపోయాయన్నారు.

నేనూ సర్వీసు ముగించుకుని అల్వాల్‌లో ఇంటికొచ్చేశాను. ఇప్పుడు సెక్యూరిటీ గార్డులకు నేర్పుతున్నా. సందేహమా అని ఎవరినీ అడగను, పక్కన నిలబడి చేయించి చూస్తాను.

అయినా లంగరీ కళ్ల ముందు నుంచి పోడు. ముళ్ల తుప్పల మధ్య, రాయికి తొంభై అడుగుల దూరంలో, చేరిపోయాననుకుని చెయ్యెత్తి నా వైపు నవ్వుతూ ఉంటాడు.