కలుపు వరసలో లేచి నిలబడ్డాను

అరబ్బు దేశంలో, ఇబ్రి దగ్గర గోధుమ చేనులో కలుపు తీయడం నా డ్యూటీ. ఆ కలుపు అచ్చం గోధుమలాగే ఉంటుంది, వెన్ను బయటపడితేనే తేడా తెలుస్తుంది. గింజ రాలకముందే గొంతుక్కూర్చుని వేళ్లతో సహా పీకేయాలి.

మా తాత ఊరికి దొర. భూములన్నీ పోయాయి. ఎవరి ముందూ తల వంచననే పట్టుదల ఒక్కటే నాకు మిగిలిన ఆస్తి. పక్క వరసలో పనిచేసేవాడిది మా ఊరే, వాళ్ల అవ్వ మా చేలో కలుపు తీసేది.

మొన్న అర్బాబ్, అంటే చేను యజమాని, గట్టు మీదికి వచ్చాడు. పనివాళ్లెవరూ తల ఎత్తలేదు. నేను మాత్రం పీకిన గడ్డి చేతిలో పట్టుకునే లేచి, తల వంచుకుని నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే తెలియలేదు.

"బైఠో, బైఠో" అని కూర్చోమన్నట్టు ఆయన చేత్తో సైగ చేసి వెళ్లిపోయాడు.

మా ఊరివాడు పకపకా నవ్వాడు. "ఏంది దొరా! మీ తాతొస్తే మా అవ్వ గిట్లనే లేశి నిలవడేదట. నువ్వేడ నేర్సినవ్?"

మా ఊళ్లో, మా చేను గట్టు మీదే, తాత వేలు పట్టుకుని చూసి నేర్చుకున్నాను. అందరూ లేచేదాకా తాత అక్కడి నుంచి కదిలేవాడు కాదు. కూర్చోమని ఆయన ఎవరితోనైనా అనగా నేను వినలేదు.