సైన్స్ సారు బావి నీళ్లు

మొన్న మా చిన్నది హోంవర్కు ముందేసుకుని "అమ్మా, సైన్స్ అంటే ఏంది?" అని అడిగింది. పుస్తకంలో నాలుగు పంక్తుల నిర్వచనం ఉంది. బట్టీ పట్టి రమ్మన్నారట. చూడగానే నాకు ఒళ్లు మండింది, పటాన్‌చెరు దగ్గరి ఊళ్లో మా పెదనాన్న గుర్తొచ్చాడు.

ఆయన బడిలో సైన్స్ సారు. ఏటా జూన్‌లో మొదటి పాఠం ఆ మాట మీదే. సైన్స్ అన్నది లాటిన్ నుంచి వచ్చిందని, తెలుసుకోవడమని దాని అర్థమని, మనం పెట్టుకున్న శాస్త్రమన్న పేరు మాత్రం శాసించడంలోంచి పుట్టిందని చెప్పేవాడు. "శాసించెటోళ్లు శానమంది ఉన్నరు. మీరు జెర తెలుసుకోండ్రి" అని నవ్వేవాడు. ఆదివారం చర్చిలో కూర్చున్నా ఆయన ధ్యాసంతా పెరటి బావి మీదే. ఫ్యాక్టరీలు వచ్చాక ఆ నీళ్లు టీ డికాషన్ రంగుకు తిరిగి మందుల వాసన కొట్టేవి. నీళ్లు పాడైనట్టు పరీక్షలో తేలితేనే ఊరికి మంచినీళ్ల నల్లా వేస్తామన్నారు సర్కారు ఆఫీసు వాళ్లు. పెదనాన్న అర్జీల మీద అర్జీలు పెట్టాడు.

తీరా పరీక్షకు మనిషి వచ్చిన రోజు ఆయన బడిలో ఉన్నాడు. ఆ వచ్చినాయన ఎండలో బావి దాకా నడవడానికి బద్ధకించి, వరండాలో కుర్చీలో కూలబడి, సీసా పెద్దమ్మ చేతికిచ్చి నింపుకు రమ్మన్నాడు. మా పెద్దమ్మ చుట్టాలొస్తే చిరిగిన దుప్పటి దాచేసే రకం. సీసాను సబ్బుతో తోమి, తాగడానికి కొనుక్కునే క్యాన్ నీళ్లతో నింపి ఇచ్చింది.

నెలకు కాగితం వచ్చింది. నీళ్లు భేషుగ్గా ఉన్నాయట! పెదనాన్న తల పట్టుకుంటే, జరిగింది చెప్పి పెద్దమ్మ ఎదురడిగింది: "పరాయోళ్ల చేతుల గా కంపు నీళ్లు ఎట్ల పెట్టాలె? మన ఇజ్జత్ పోదా?" మర్నాడే ఆయన ఇంకో సీసా తీసుకుని బావి దగ్గరికి నడిచాడు. బావి నీళ్లు తనే పట్టుకెళ్తే, మీరు తెచ్చినవి చెల్లవు, మా మనిషే తేవాలన్నారు ఆఫీసులో. ఆ మనిషి మళ్లీ రానేలేదు. పెద్దమ్మ మీద కోపం ఎప్పుడో పోయింది గానీ, పదడుగులు వేయని ఆ పెద్దమనిషి మీద నాకింకా తగ్గలేదు.

చివరికి నల్లా ఏ పరీక్షా లేకుండానే వచ్చింది. అప్పటికి పెదనాన్న లేడు. పెద్దమ్మ మాత్రం ఇప్పటికీ వారం వారం బావి నీళ్లు సీసాలో పట్టి, ఎవరైనా అడుగుతారేమోనని కిటికీలో పెడుతుంది. ఈ ఆదివారం మా చిన్నదాన్ని తీసుకెళ్లి ఆ సీసా చూపిస్తాను. చేదతాడంత దూరంలో ఉన్న సంగతి తెలుసుకోవడానికి లోకం తీసుకున్నంత కాలం, పాపం, పెదనాన్నకు దక్కలేదు.