నా రష్యన్ దిద్దిందెవరు?

దెయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. రష్యన్ కథల్లోని దెయ్యాల గురించి ఏళ్ల తరబడి పాఠాలు చెప్పాను గానీ, అవి ఆ పేజీలు దాటి రావని నా నమ్మకం. అందుకే ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మాది ముక్తేశ్వరం. మాస్కోలో రష్యన్ సాహిత్యం చదువుకుని, హైదరాబాద్‌లో అదే బోధించి రిటైరయ్యాను. పెళ్లి చేసుకోలేదు. చివరి ఏళ్లలో నా క్లాసులో ఖాళీ బెంచీలే ఎక్కువ. తర్వాత అమలాపురంలో కాలవగట్టు దగ్గర చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాను. ఇక్కడ అందరూ మర్యాదగా పలకరిస్తారు. రష్యన్‌లో ఒక్క మాట మాట్లాడదామంటే మాత్రం ఎవరూ లేరు. భాష మర్చిపోతానేమోనని మధ్యాహ్నాలు వరండాలో కూర్చుని పైకి చదివేదాన్ని.

పక్కింటి సత్యవతిగారు వచ్చి, చీపుళ్ల కోసం కొబ్బరాకుల ఈనెలు తీస్తూ వినేవారు.

"అర్థం కాపోయినా బావుంటాదండీ, చదవండి," అనేవారు.

ఒక రోజు చదువుతున్న కథలో తాళం అనే మాట వచ్చింది. రష్యన్‌లో కోటకీ తాళానికీ రాత ఒకటే. మొదట ఒత్తి 'జామక్' అంటే కోట, చివర ఒత్తి 'జమోక్' అంటే తాళం. చదువుకునే రోజుల నుంచీ నేను అక్కడ తప్పుతాను. మాస్కోలో మా టీచర్ నీనా పెత్రోవ్నా ప్రతిసారీ దిద్దేవారు. సుగుణ అనే నా పేరుని 'సుగుణోచ్కా' అని ముద్దుగా మార్చింది ఆవిడే. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఆ పిలుపు ఇక్కడ ఎవరికీ తెలియదు.

ఆ రోజూ తాళాన్ని 'జామక్' అనే చదివాను.

"జమోక్, సుగుణోచ్కా," అన్నారు సత్యవతిగారు.

తల ఎత్తలేదు. చేతిలో కత్తి ఆగలేదు. గొంతు ఆవిడదే. పలికిన తీరు మాత్రం మాస్కోది.

"ఏమన్నారండీ?"

"నేనేవీ అనలేదండీ. ఆపేసేరేం?"

"రష్యన్ ఎక్కడ నేర్చుకున్నారు?"

ఆవిడ నవ్వారు. "నాకు తెలుగే కూడబలుక్కుని చదవాలండీ."

నాకు భయం వేయలేదు. ఏడుపొచ్చింది. ఆవిడ కంగారుపడి మంచినీళ్లు తెచ్చిచ్చారు.

నేను చదివేది వినీ వినీ ఆ మాట పట్టుకున్నారనుకుందామంటే, నేను ఎప్పుడూ తప్పే చదివాను కదా. ఇక ఆ పిలుపు సంగతి ఏం చెప్పను?

ఆవిడ ఇప్పటికీ వస్తారు. ఆ కథే మళ్లీ తీసి, ఆ మాట కావాలనే తప్పు చదువుతుంటాను. చదివి కాసేపు ఆగుతాను.

ఆవిడ ఈనెలు తీసుకుంటూ ఉంటారు.