దువ్వెన మేస్త్రీ కోసిన తీగలు

తల మీద ఒక్క వెంట్రుక లేకపోయినా ఆయన్ని అందరూ దువ్వెన మేస్త్రీ అనేవారు. ఆయన బాగుచేసిన రేడియో మూత తీస్తే, లోపల తీగలన్నీ పాపిడి తీసి దువ్విన జుట్టులా ఉంటాయి మరి. పని రానివాళ్లే తీగలు చిందరవందరగా వదిలేస్తారని ఆయన సిద్ధాంతం. పని రాకుండానే తెల్లచొక్కా తొడుక్కుని కుర్చీలెక్కినవాళ్లు హాయిగా నిద్రపోతుంటే, ఈ బాధంతా ఆయనకెందుకో!

ఊళ్లోని చిన్న ఎఫ్.ఎం. కేంద్రంలో ట్రాన్స్‌మిటర్ మూగబోయింది. మేస్త్రీ దాన్ని విప్పి, కాలిపోయిన ట్రాన్సిస్టర్ మార్చాడు. అక్కడితో ఊరుకోలేదు. అడ్డదిడ్డంగా దూకే పొట్టి తీగలు పీకేసి, పెట్టె అంచు వెంబడి మూరెడేసి తీగలు నడిపించి, దారంతో కట్టాడు. చూడముచ్చటగా కుదిరింది. స్విచ్చి వేస్తే మాత్రం కూతా లేదు, మాటా లేదు. కొత్త ట్రాన్సిస్టర్ మీద వేలు పెడితే చురుక్కుమంది.

"నాలుగింటికి ప్రసారం మొదలవ్వాలి," అన్నాడు మేనేజరు. "మీ వల్ల కాదంటే ఈ పెట్టె తయారుచేసిన కంపెనీ మనిషిని పిలుస్తాను. ఇకమీదట కూడా ఆయనే చూసుకుంటాడు."

'ఇకమీదట' అన్న మాటకి మేస్త్రీ గుండెల్లో రాయి పడింది. ఇరవై ఏళ్లుగా ఈ కేంద్రంలో రిపేర్లన్నీ ఆయనవే, ఈ పెట్టె మూత తీయాల్సిరావడం మాత్రం ఇదే మొదలు.

కండెన్సర్లు కొలిచాడు, కాయిళ్లు కొలిచాడు. అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ఆయన లెక్కలో జబ్బంటూ ఉంటే ఆ ముక్కల్లోనే ఉండాలి. తీగంటే కరెంటు నడిచే దారి మాత్రమే, దారికి జబ్బేమిటి? రెండయ్యేసరికి ఇక లాభం లేదని మేనకోడలికి ఫోన్ కొట్టాడు. ఆ పిల్ల ఫోన్ టవర్ల కంపెనీలో ఇంజనీరు.

వస్తూనే పెట్టెలోకి తొంగిచూసి కిసుక్కున నవ్వింది.

"ఏంటి మావయ్యా, దీన్ని పెళ్లికూతురిని చేశావా?"

"నవ్వింది చాల్లేవే. తప్పెక్కడుందో చెప్పు."

"ఈ తీగల్లోనే."

"మీటరు పెట్టి చూశా. ఒక్కటీ తెగలేదు!"

"తెగలేదు, పొడుగయ్యాయి. నీ పాత రేడియోల్లో అల పొడవు మూడొందల మీటర్లు. దాని ముందు మూరెడు తీగ ఏనుగు పక్కన చీమ. ఇక్కడ అల మొత్తం కలిపి మూడు మీటర్లే. ఈ కొసన కరెంటు ఒకలా ఉంటే, ఆ కొసకి చేరేసరికి ఇంకోలా ఉంటుంది. నువ్వు తీగనుకుంటున్నావు, అది కాయిల్ వేషం ఒకసారి, కండెన్సర్ వేషం ఒకసారి వేస్తోంది. పవరు యాంటెన్నాకి పోకుండా వెనక్కి తన్నుతోంది."

"అయితే?"

"కోసెయ్. ఏదీ బెత్తెడు మించకూడదు."

"అడ్డంగా దూకుతాయే! చూసినవాళ్లు నవ్వరూ?"

"పాట వింటారు గానీ, పెట్టె విప్పి చూస్తారా ఎవరైనా?"

స్విచ్చి ఆపి, కట్టర్ అందుకున్నాడు. మొదటి తీగ కత్తిరించి, వంకరగానే అతికించి, మళ్లీ స్విచ్చి వేశాడు. వెనక్కి తన్నే పవరును చూపే మీటరు ముల్లు సగానికి పడింది. మేస్త్రీ కళ్లు విప్పారాయి. రెండోది కోశాడు. ముల్లు ఇంకా దిగింది. మూడోది, నాలుగోది. గంట నాలుగు కావడానికి ఇంకా పది నిమిషాలు ఉండగా, మూలనున్న రేడియోలోంచి మేనేజరు గొంతు ఖంగుమంది: "హలో, హలో, వినబడుతోందా?"

ముల్లు అడుగంటింది. మేస్త్రీ మాత్రం ఆగలేదు. ఒక చెయ్యి స్విచ్చి మీద వేసి, ఐదో తీగ కోసం పెట్టెలోకి తొంగిచూస్తున్నాడు.

"ఇంకో అంగుళం తగ్గిద్దామే!"

మేనకోడలు కట్టర్ లాక్కుంది.

"చాలు మావయ్యా! ఇంక కొయ్యడానికి మిగిలింది మేనేజరు గారి మైకు తీగే."