ఫ్యామిలీకి మాత్రమే

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇల్లు కిరాయికిచ్చి చూడు అనడం మాత్రం మరిచిపోయారు. అదేదో వనపర్తిలో జంగమ్మ చూసింది.

పదహారేళ్లు ఆడపిల్లల హాస్టల్లో వంట చేసింది జంగమ్మ. మొగుడు ఎల్లయ్య బతికున్నన్నాళ్లూ అతనితో తొమ్మిది కిరాయి ఇళ్లు మారింది. ఎల్లయ్య తాగొచ్చి కొట్టేవాడు, ఆమె అరిచేది, ఓనరు వచ్చి "ఈ లొల్లి మాకొద్దు, ఖాళీ చెయ్యిండ్రి" అనేవాడు. కొట్టేవాడి చెయ్యి పట్టుకోవాలని ఒక్క ఓనరుకూ తోచలేదు. ఎల్లయ్య పోయాక, బిజినేపల్లిలో తన వాటాకొచ్చిన అరెకరం అమ్మి, దాచుకున్న జీతం కలిపి, ఊరి చివర జాగా కొని పక్కపక్కనే రెండు పోర్షన్లు వేసింది. ఒకటి తనకు, ఒకటి కిరాయికి. మోకాళ్లు అరిగి గరిటె తిప్పలేని రోజున ఆ కిరాయే తనకు అన్నం పెట్టాలి. ఇటుక మిగులుతుందని నడిమి గోడ నాలుగంగుళాలే లేపించింది.

బోర్డు మీద "ఫ్యామిలీకి మాత్రమే" అని రాయించింది. ఊరంతా అలాగే రాస్తారు కదా అని, అంతే. మొదట వచ్చింది హుమేరా, దవాఖానలో నర్సు. మెత్తని మనిషి, ఇల్లు నచ్చిందంది. "ఒక్కదానివేనా? మేం ఫ్యామిలీకే ఇస్తమమ్మా" అని పంపేసింది జంగమ్మ. తనూ ఒంటరిదేనన్న సంగతి ఆ క్షణాన గుర్తే లేదు. ఓనరయ్యేసరికి నోటికి ఓనర్ల మాటలే వచ్చాయి.

తర్వాత నిరంజన్ వచ్చాడు. బోరు బండి మీద పని, నెలలో ఇరవై రోజులు ఊళ్లు పట్టుకుని తిరుగుతాడు. పక్కన తల వంచుకుని భార్య ప్రేమలత. ఆరు నెలల అడ్వాన్సు చేతిలో పెట్టాడు. ఫ్యామిలీ అంటే ఇలా ఉండాలి అనుకుంది మహాతల్లి.

ఇరవై రోజులు గోడవతల గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు. నిరంజన్ ఊళ్లో దిగిన రోజు మధ్యాహ్నం గోడ అదిరింది. మళ్లీ అదిరింది. మూడోసారికి పెళ్ల రాలి జంగమ్మ పళ్లెంలో పడింది. అది తల గోడకు తగిలే చప్పుడని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఆమె తలకే తెలుసు. అయినా లేవలేదు. టీవీ శబ్దం పెంచింది. ఆ సిగ్గు ఆమెను ఇప్పటికీ వదల్లేదు.

మరుసటి నెల ప్రేమలత ముందరి పన్ను ఒకటి పోయింది. "జారి పడ్డ పెద్దమ్మా" అంది. "జర చూస్కొని నడువు బిడ్డా" అంది జంగమ్మ. అబద్ధాన్ని ఇద్దరూ చక్కగా పంచుకున్నారు.

మూడో నెల, ఒక ఆదివారం పొద్దున అరుపు మొదలై సగంలో ఆగిపోయింది. అరుపుకు లేవని జంగమ్మ, అది ఆగినందుకు లేచింది. గొంతు పిసికితేనే అరుపు అలా ఆగుతుంది. మూలనున్న రోకలి అందుకుని పక్క పోర్షన్ తలుపు తోసింది.

నిరంజన్ మోకాలు భార్య రొమ్ము మీదుంది, రెండు చేతులూ మెడ మీదున్నాయి. ప్రేమలత కళ్లు తేలేస్తోంది.

"ఇడువు" అంది జంగమ్మ.

నిరంజన్ తల కూడా తిప్పలేదు. "నీకేంది ముసల్దానా? ఫ్యామిలీకని ఇచ్చినవ్ గద. ఇది ఫ్యామిలీ ముచ్చట."

జంగమ్మకు తొమ్మిది మంది ఓనర్లూ ఒక్కసారే కళ్ల ముందు నిలబడ్డారు. రోకలి ఎత్తి వాడి మోచేతి మీద దింపింది. ఎముక విరిగిన చప్పుడు గదంతా వినిపించింది. వాడు లేవబోతే భుజం మీద ఇంకొకటి, మూతి మీద మరొకటి. నిజం చెప్పాలంటే ఎల్లయ్యకు పడాల్సినవి కూడా వాడికే పడ్డాయి. నెత్తురు ఉమ్ముతూ, గడప దాకా పాక్కుంటూ పోయాడు నిరంజన్.

నాలుగో రోజు చేతికి కట్టుతో, ఇద్దరు దోస్తులను వెంటేసుకుని వచ్చాడు. "నా అడ్వాన్సు ఇయ్యి. లేకుంటే కేసు పెడ్త."

"పెట్టు. దాని మెడ మీద నీ ఏళ్ల అచ్చులు ఇంకా కనవడ్తున్నయి. పోలీసులు అవి గూడ రాస్కుంటరు."

నిరంజన్ భార్య వైపు తిరిగాడు. "నువ్వొస్తవా, రావా?"

"రాను" అంది ప్రేమలత, జంగమ్మ వెనక నిలబడే.

అడ్వాన్సు ఇచ్చేద్దామంటే జంగమ్మ దగ్గర లేదు. ఆ పోర్షన్ తలుపులు వాడి డబ్బుతోనే పెట్టించింది. ఆ మాటే చెప్పింది. "అట్లయితే తలుపులే కొంచవోత" అన్నాడు వాడు. దోస్తులు గడ్డపారలు తెచ్చి ముందు తలుపు, వెనక తలుపు ఊడబెరికారు. సిమెంటు పెచ్చులు లేచి జంగమ్మ కాళ్ల మీద పడ్డాయి. ఏళ్ల కష్టం అలా బద్దలవుతున్నా అడ్డు పోలేదు. తలుపులు ట్రాలీ ఆటోలో వేసుకుని వాళ్లు వెళ్లిపోయారు.

ప్రేమలత తన చీర ఒకటి తెచ్చి ఖాళీ గుమ్మానికి కట్టసాగింది.

"ఆ చీర ఏం ఆపుతది బిడ్డా? తలుపు పెట్టిచ్చెదాంక నా దగ్గర పండుకో. భయమైతది" అంది జంగమ్మ.

"తలుపున్నప్పుడే భయమైతుండె పెద్దమ్మా" అంది ప్రేమలత.