బూడిదరంగు కొండలు

ధర్మవరం స్టేషన్ బయట, కొండల్లో ముళ్లచెట్లకు కాసే కలేకాయలు అమ్ముతున్నారు. ఒకటి కొరికితే పులుపుతో పాటు పాలు పెదవులకు అంటుకుని నోరు కాసేపు మూతబడింది. నాలాంటి వాగుడుకాయకు అదే మందని నాగరత్న మేడం అనేవారు. హిందూపురం కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన ఆమె దగ్గర నేను సహాయకుడిగా పనిచేశాను. ఎండలు ముదిరి వానలు తప్పితే కలే చెట్టు ఏ కొండకు జరుగుతుందో అంచనా కట్టడం మా పని. చెట్లకు కాళ్లు లేవు కదా అని మొదటిరోజే అన్నాను. ఆమె నవ్వలేదు.

మొదటి పటం చూసి మాత్రం నవ్వారు. మేడం వాళ్లు ఒకప్పుడు తిరిగి రాసుకున్న పాత వివరాల ప్రకారం కలే చెట్లన్నీ హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా రోడ్డు పక్కనే ఉన్నాయి.

“దీనికి బస్సులంటే ఇష్టమేమో మేడం.”

“చెట్టుకు కాదప్పా, మాకు. బస్సు యాడ నిలిస్తే ఆడ దిగి చూసినాం. మిగతా చోట లేదనుకున్యాం.”

ఆ తర్వాత బస్సు పోని కొండలే ఎక్కించారు. చెట్టు దొరక్క నేను ‘లేదు’ అంటే ఒప్పుకునేవారు కాదు. “కనపడలేదను. లేదనేదానికి మనమెవరం?” ఇంట్లో ఎదురుచూసేవాళ్లు లేరు కాబట్టి ఆమెకు తిరిగి వెళ్లే తొందర ఉండేది కాదు. నాకూ ఎవరూ లేరు గానీ, ఆకలి ఉండేది.

చివరికి కంప్యూటర్లో రకరకాలుగా లెక్కలు వేస్తే, పెనుకొండ కొండ మీద చెట్టు బతుకుతుందని కొన్ని, బతకదని కొన్ని చెప్పాయి. ఆ భాగమంతా మేడం బూడిదరంగు వేశారు. మాకీ పని అప్పగించిన, మొక్కలు నాటించే సంస్థ అధికారి పుట్టపర్తిలో ఆ పటం చూసి, “ఆకుపచ్చో ఎరుపో ఒకటి వేయండి మేడం. లేకుంటే ప్రాజెక్టు ఆపేస్తాం” అన్నాడు.

“తెలీనిదానికి రంగెట్ల వేసేది సార్? పచ్చగా వేస్తే నాటిస్తారు. అవి ఎండిపోతే ఆ ఊరోళ్లు మన మాట మళ్లా వింటారా?”

ప్రాజెక్టు పోయింది. తిరుగు బస్సులో ఆమె పటం ఒళ్లో పెట్టుకుని, “నీ పని పోగొడితినే అబ్బా” అన్నారు.

“నా జీతం మొదటినుంచీ బూడిదరంగే మేడం.”

ఆమె నవ్వి కిటికీ వైపు తిరిగారు. పెనుకొండ దాటేదాకా మళ్లీ ఇటు చూడలేదు.

ఇప్పుడు మేడం లేరు. నేను ధర్మవరంలో పంటల అంచనాలు వేసే ఆఫీసులో పటాలు గీస్తున్నాను. తెలియని చోట బూడిదరంగు వేస్తాను. పక్కవాళ్లు పచ్చని పటాలు అప్పజెప్పి టీకి పోతారు. నన్ను మాత్రం లోపలికి పిలుస్తారు. “ఇదేందప్పా, ఈడ పంట వస్తుందా, రాదా?” అని పెద్దసారు అడుగుతాడు. తెలియదు సార్ అంటాను. ఆయన పటం నా వైపు తోస్తాడు. జోకొకటి వేసి బయటపడవచ్చు. వేయను.