పదండి నాయనా

ఆ మధ్యాహ్నం బరిలో ఉన్నవీ, ఉన్నవాళ్లూ: సింగడు, చిట్టి అనే రెండు ఒంగోలు గిత్తలు. వాటి వెనక మోకుతో కట్టిన బండ. పగ్గాలు పట్టుకున్న సాంబ మామ. గట్టు మీద మా పిన్ని. కెమెరా దగ్గర నా క్లాస్‌మేట్ ఫిరోజ్. బూమ్ మైకు, రికార్డరు, హెడ్‌ఫోన్స్‌తో నేను. కొలత టేపు పట్టుకుని పోటీల కమిటీ వాళ్లిద్దరు. తాడుకు అవతల జనం, ఆ జనంలో ఒక ఎడ్ల బేరగాడు. కోటి బాబాయి లేడు. ఆయన పోయి అప్పటికి ఏడాది.

ముందే ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ సంగతి విన్న ప్రతివాళ్లూ మొదట అడిగేది అదే. ఇంకెవరైనా ఉన్నారేమో సరిగ్గా చూశావా అని. చూశాను. ఫిరోజ్ తీసిన ఫుటేజీని ఎన్నిసార్లు చూశానో నాకే గుర్తులేదు. పైన చెప్పినవాళ్లు తప్ప బరిలో ఎవరూ లేరు.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, ఆ తర్వాత గుంటూరులో ఇల్లు వదిలి సినిమా సౌండ్ కోర్సులో చేరినవాణ్ణి. వినిపించిన ప్రతిదానికీ ఒక మూలం ఉంటుందనీ, దొరక్కపోతే అది వైరు లోపమో కార్డు లోపమో అయి ఉంటుందనీ మాకు మొదటి సెమిస్టర్‌లోనే నేర్పారు. ఇప్పటికీ నేను పని చేసేది ఆ సూత్రంతోనే.

బాబాయిది పొదిలి దాటాక వచ్చే ఒక మెట్ట ఊరు. శివరాత్రి వెళ్లాక అక్కడ తిరునాళ్లలో బండలాగుడు పోటీలు పెడతారు. రెండు వందల యాభై అడుగుల బరి. ఎడ్ల జత బండను ఈ చివరి నుంచి ఆ చివరికి లాగితే ఒక రౌండ్. అక్కడ తిరిగి మళ్లీ లాగాలి. ఇచ్చిన ఇరవై నిమిషాల్లో లాగిన మొత్తం దూరాన్ని అడుగులు, అంగుళాల్లో కొలిచి మైకులో చదువుతారు.

అందరూ కేకలేసి, తోక మెలిపెట్టి, జబ్బలు చరిచి తోలతారు. బాబాయి అలా కాదు. పగ్గాలు వదులుగా పట్టుకుని, నాలుకతో ఒక చప్పుడు చేసి, "పదండి నాయనా" అనేవాడు. ఊరంతా ఆటపట్టించేది.

"ఏరా కోటిగా, ఎడ్లకి కూడా అండీ పెడతావేంట్రా? కాఫీ కూడా ఇవ్వరాదూ?"

"నిన్నయితే కర్రతోనే తోలేవాణ్ణిలేరా" అనేవాడు బాబాయి.

సౌండ్ కోర్సు చివర చేయాల్సిన నా డిప్లొమా సినిమాకు ఆయన్నే ఎంచుకున్నాను. కిందటేడు తిరునాళ్లలో ఆయన చొక్కా కాలరుకు చిన్న మైకు తగిలించాను. తొమ్మిదో రౌండ్‌లో ఆయన మాట మధ్యలో ఆగింది. చూస్తే నేల మీద ఉన్నాడు. ఎడ్లు ఆయన్ను తొక్కకుండా అక్కడికక్కడే నిలబడిపోయాయి. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ఆటో ఎక్కిస్తుంటే మైకులో ఎవరో మా జత లాగిన దూరం చదివారు. మేమెవరమూ వినలేదు. రికార్డరు ఆపడం మర్చిపోయాను కాబట్టి అది మాత్రం రికార్డయింది.

ఆ తర్వాత ఆ జత ఎవరికీ లొంగలేదు. బండి కడితే కదలవు. అరక కడితే పడుకుంటాయి. పిన్ని తమ్ముడు సాంబ మామ తన పొలం వదిలేసి వచ్చి నెలల తరబడి తంటాలు పడ్డాడు. ఆ ఏడు పిన్ని మిరప చేనుకు తామర పురుగు పట్టి, కోతకు కూలీలను పిలిచే పని కూడా లేకుండా పోయింది. పని చేయని రెండు గిత్తలను మేపడం ఒంటరి మనిషి వల్ల కాదు. లాగే ఎడ్లయితే పోటీల వాళ్లు కొనుక్కుని బిడ్డల్లా చూసుకుంటారు. లాగని ఎడ్లను కొనేది ఒక్క బేరగాడే. అవి ఎక్కడికి వెళతాయో అందరికీ తెలుసు.

పిన్ని నాకు ఫోన్ చేసి ఒక్కటే అడిగింది. "మీ బాబాయి గొంతు నీ దగ్గరుందిగా. తీసుకురారా."

తిరునాళ్లకు ముందు రోజు బాబాయి "పదండి నాయనా" అన్న ముక్కను ఫైల్లోంచి కత్తిరించి, గాలి చప్పుడు తగ్గించి, చిన్న స్పీకర్లోకి ఎక్కించాను. పోటీ రోజు కమిటీ పెద్ద అడ్డు చెప్పాడు.

"స్పీకర్లు, గీకర్లు కుదరవయ్యా. రూల్సుంటాయి."

"కొట్టకూడదని ఉందండీ రూల్స్‌లో. పిలవకూడదని లేదుగా?" అంది పిన్ని. ఆయన పక్కకు తప్పుకున్నాడు.

విజిల్ వేశారు. సాంబ మామ అదిలించాడు. ఎడ్లు కదల్లేదు. జనం నవ్వడం మొదలుపెట్టారు. "పుట్టింటికి రావమ్మా అని బతిమాలరా సాంబయ్యా!" అని ఎవరో అరిచారు. నేను గట్టు మీది నుంచి స్పీకరు ఆన్ చేశాను.

బాబాయి గొంతు వినగానే రెండు గిత్తలూ తలలు తిప్పాయి. ముందుకు కాదు, స్పీకరు వైపు. కాడి కింద మెడలు మెలితిరిగేలా వెనక్కి చూస్తూ ఆయన కోసం వెతికాయి. మళ్లీ వినిపించాను. చిట్టి అరిచింది. అది ఎద్దు రంకెలా లేదు. తల్లి కోసం దూడ అరిచినట్టు ఉంది. నేను మూడోసారి నొక్కబోయాను. వేరే దారి తోచలేదు. టైం పోతోంది. బేరగాడు తాడు దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పిన్ని స్పీకరు లాక్కుని స్విచ్ ఆపేసింది. "చాలురా. వాటిని ఏడిపించకు" అని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. కనీసం సినిమాకైనా ఈ ఓటమి రికార్డవ్వాలి అనుకున్నాను. సాంబ మామ పగ్గాలు గుంజుతున్నాడు. ఆయన కాలరుకు నేను తగిలించిన మైకులోంచి ఆయాసం వినిపిస్తోంది. దాని వెనక జనం గోల, జెయింట్ వీలు మోటారు, ఎక్కడో పీక బూరలు.

అప్పుడు ఇవన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో రెండు చెవుల్లోనూ దగ్గరగా, మామూలుగా, కొంచెం విసుగ్గా ఒక మాట వినిపించింది.

"సాంబిగా, పగ్గం వదులు."

మళ్లీ జనం గోల వచ్చింది. సాంబ మామ చేతులు తెరుచుకున్నాయి. పగ్గాలు జారిపోయాయి. గిత్తలు మెడలు వంచి కదిలాయి.

ఎవరూ తోలకుండా అవి లాగాయి. చివరికి వెళ్లి, మనిషి పట్టి తిప్పితే తప్ప తిరగని మలుపులో వాటంతట అవే తిరిగాయి. సాంబ మామ ఉత్త చేతులతో పక్కన పరిగెత్తాడు. జనం నవ్వడం మానేసి రౌండ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. తొమ్మిదో రౌండ్ మధ్యలో, ఇంకా టైం ఉండగానే, రెండూ కలిసి ఆగాయి. ఇక కదల్లేదు. విజిల్ పడేదాకా అలాగే నిలబడ్డాయి.

మా జతకు ప్రైజు రాలేదు. బేరగాడు పిన్ని దగ్గరికి వచ్చాడు.

"టైం ఉన్నా లాగలేదు చూశావామ్మా? మొండికేసిన గొడ్లు. ఇవాళే పంపించెయ్."

"ఎంత లాగాలో అంత లాగాయి. నువ్వెళ్లయ్యా" అంది పిన్ని. ఆమె చూపు ఎడ్లు ఆగిన చోటే ఉంది.

సాంబ మామ చెమటతో నా మీదికి వచ్చాడు. "ఏరా, మామని పట్టుకుని సాంబిగా అంటావా?" అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆగాడు. ఆయన్ను అలా పిలిచేది బాబాయి ఒక్కడే. పిన్నికి మాటేమీ వినపడలేదట. గిత్తల చెవులు వెనక్కి తిరగడం మాత్రం చూసిందట. మామ చెవులతో విన్నాడు, నేను హెడ్‌ఫోన్స్‌లో విన్నాను.

తర్వాత పరిశీలించినవి రాస్తున్నాను. స్పీకరు ఆఫ్‌లోనే ఉంది. అందులో ఉన్నది ఒకే ఒక్క ముక్క, "పదండి నాయనా". బాబాయి బతికి ఉండగా నేను రికార్డు చేసిన ఏ ఫైల్లోనూ "పగ్గం వదులు" అన్న మాట లేదు. అన్నీ మొదటి నుంచి చివరిదాకా విన్నాను. ఆ రోజు నా రికార్డరు ఫైల్లో ఆ చోట గొంతు లేదు. జనం గోల కూడా లేదు. కంప్యూటర్లో శబ్దాన్ని చూపించే గీత పూర్తిగా చదునుగా ఉంది, ఒక చిన్న వాక్యం పట్టేంత సేపు. ఫిరోజ్ కెమెరాకు ఉన్న సొంత మైకులో మాత్రం గోల ఎక్కడా తెగలేదు.

కార్డు లోపం అన్నారు మా లెక్చరర్. అయి ఉండొచ్చు. అదే కార్డుతో, అదే రికార్డరుతో ఆ తర్వాత ఎన్నో షూటింగులు చేశాను. అలాంటి ఖాళీ మళ్లీ రాలేదు. అయినా కార్డు లోపం సాంబ మామ చేతులను ఎలా తెరుస్తుందో నాకు అర్థం కాలేదు.

గిత్తలు ఇంకా పిన్ని దొడ్లోనే ఉన్నాయి. మళ్లీ లాగలేదు. ఆమె ఎన్నాళ్లు మేపగలదో ఆమెకే తెలియదు. నేను అడగను.

సినిమా పూర్తి చేయలేకపోయాను. ఎడిటింగ్‌లో కూర్చున్నప్పుడు ఒక పని మాత్రం చేశాను. కిందటేడు బాబాయిని ఆటో ఎక్కిస్తున్నప్పుడు రికార్డయిన మైకు ప్రకటననూ, ఈ ఏడాది మా జత గురించి చదివిన ప్రకటననూ పక్కపక్కన పెట్టి విన్నాను. చదివిన గొంతులు వేరు. దూరం ఒకటే.

రెండు వేల నూట పద్నాలుగు అడుగుల మూడు అంగుళాలు.